రెండు లైట్ల ఇంపాలా

ఎవరింట్లో ఏం కూర వండుకున్నారో అడుగుతారు. ఎవరి కోడలు ఎవరి మీద అలిగి పుట్టింటికి పోయిందో అడుగుతారు. పక్క వీధిలో కుక్క ఈనితే పిల్లలు ఏ రంగువో కూడా అడుగుతారు. జగన్నాధం గురించి మాత్రం ఇన్నాళ్ళలో ఒక్క నోరు పెగల్లేదు. నోళ్ళున్నవి గారెలు తినడానికే అనుకుంటున్నారు కాబోలు. ఇప్పుడు ముసురు పట్టింది, కరెంటు పోయింది, చేతుల్లో ఫోన్లు చచ్చాయి గనక వచ్చి చుట్టూ చేరారు. చేరారు గనక వినండి.

జగన్నాధానికి ఒక్కటే తెగులు. చెక్కతో కార్లు చేసేవాడు, చేసిన ప్రతి కారులోనూ ఒక తప్పు పెట్టేవాడు. చిన్నా చితకా తప్పు కాదు. అంబాసడర్‌కి ఒక పక్క రెండు తలుపులుంటే రెండో పక్క ఒక్కటే ఉండేది. ఫియట్‌కి స్టీరింగు వెనక సీటు ముందు మొలిచేది. నిక్షేపంలాంటి కాంటెస్సాకి అంబాసడర్ మొహం తగిలించి, తలంబ్రాలు మారిపోయిన పెళ్ళికూతురిలా నిలబెట్టేవాడు. పోనీ కార్లు తెలియనివాడా అంటే, పుట్టింది మొదలు కార్లలోనే బతికాడు. అన్నం పెట్టే చేతికి నోరెక్కడుందో తెలియకపోతే ఎలా ఉంటుంది? అలా ఉండేది వ్యవహారం.

గజపతినగరం మెయిన్ రోడ్డు మీద అంబాసడర్ టాక్సీ తోలేవాడు జగన్నాధం. అంతకుముందు, మీసం సరిగ్గా మొలవని రోజుల్లో, ఒక జమీందార్ల ఇంట్లో డ్రైవరు. వాళ్ళకో ఇంపాలా ఉండేది. ఆ కారు పొడుగు గురించి జగన్నాధం చెప్పేది వింటే, ముందు బంపరు బొబ్బిలి చేరాక కూడా వెనక బంపరు ఇంకా గజపతినగరంలో పోలీసుతో మాట్లాడుతూ ఉండేది. జమీ ముందే పోయింది, ఆ వెనకే ఇంపాలా పోయింది. తర్వాత టాక్సీ కూడా పోయింది. ఊళ్ళోకి బుల్లి కార్లొచ్చాక ముసలి అంబాసడర్ ఎక్కేదెవరు? దాన్ని తూకానికి పట్టుకుపోయిన రోజు జగన్నాధం గోడవైపు తిరిగి పడుకున్నాడు. వర్షాకాలమంతా అలాగే పడుకున్నాడు. గౌరి, అంటే అతని పెళ్ళాం, అన్నం పళ్ళెం గోడకీ అతనికీ మధ్య పెట్టి వచ్చేది.

అతన్ని లేపినవారు త్యాగరాజు మేష్టారు. గుళ్ళో కీర్తనలు పాడే వంశం ఆయనది, ఊళ్ళో పిల్లలకి వీణ నేర్పేవారు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బడిలో, ఒకే చాప మీద కూర్చున్నవాళ్ళు. వీణలు చేసేచోట మిగిలిన పనస చెక్క ముక్కలు సంచిలో వేసుకొచ్చి మంచం పక్కన గుమ్మరించారు.

"గోడకేసి చూస్తే గోడ కారవుతుందా? ఇదిగో చెక్క. చేసుకో."

చేశాడు. టానిక్కు డబ్బా రేకు కోసి బంపర్లు, మందుబిళ్ళల అట్ట మీది వెండి కాగితంతో మెరుపులు, అరిగిపోయిన హవాయి చెప్పు కోసి చక్రాలు. గోళ్ళరంగు కోసం కిరాణా కొట్టు కుమారి దగ్గరికి వెళ్తే, "ఈ వొయసులో ఎవరికయ్యా ఇది" అని ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది. మొదట్లో చేసిన కార్లు ఎంత ముచ్చటగా ఉండేవంటే, చీమ వస్తే తలుపు తీసుకుని ఎక్కేస్తుందేమో అన్నట్టుండేవి. ఆ తర్వాతే పట్టుకుంది తప్పుల తెగులు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, మూతపడిన టైర్ల షాపు అరుగు మీద ముగ్గురు చేరేవారు. జగన్నాధం, మేష్టారు, మూడోవాడు తిరుమలరావు. తిరుమలరావు రైల్వేలో టిక్కెట్లిచ్చి రిటైరయ్యాడు. ఇతనిది కొనుక్కునే సరదా. ఎక్కడెక్కడి నుంచో ఇనుప కార్లు తెప్పించి అద్దాల బీరువాలో పెట్టేవాడు. డబ్బా కూడా విప్పేవాడు కాదు. బీరువాలో కార్లకి దుమ్ము సోకలేదు గానీ, దాని ముందు కూర్చుని కూర్చుని ఆ మనిషికే సోకింది.

ముగ్గురికీ ఒకటే జపం. పెద్ద కార్లు. పోయిన కార్లు. ఆకాశం ఎప్పుడు కురుస్తుందా అన్నట్టు వేలాడుతుంటే, ఎదురుగా లారీలు బురద చిమ్ముకుంటూ పోతుంటే, వీళ్ళు ఎన్నడో చచ్చిపోయిన కార్లకి రోజూ తద్దినాలు పెట్టేవారు.

ఒకరోజు జగన్నాధం తువ్వాలు విప్పి కొత్త కారు అరుగు మీద పెట్టాడు. మేష్టారు కళ్ళజోడు తుడుచుకుని వంగారు.

"ఇదేవిటిరా జగ్గా?"

"పిలిమత్తండి."

"దీని తోకలేవిరా?"

"తోకలేటండి?"

"వెనకాల రెండు పక్కలా చేప తోకల్లా నిక్కబొడుచుకుని ఉండేవి కావూ? సాలూరు రోడ్డు మీద చూశాం. మనం సైకిలు మీద వెళ్తున్నాం. సాయంత్రపు ఎండ ఆ తోకల మీద పడి నీ కళ్ళు బైర్లు కమ్మి, సైకిలుతో సహా కాలవలో పడ్డావు."

"నాను పడలేదండి. తవరే పడ్డారు."

"నువ్వే పడ్డావు. నీ పంచెకంటిన పేడ ఈ చేతుల్తో నేనే కడిగాను."

"అయితే తోకలున్నట్టేనంటారు."

"తోకలు లేకపోతే అది ప్లిమత్ ఎలా అవుతుందిరా, గాడిదా. బాతవుతుంది."

మేష్టారి తిట్లు అలా మొదలయ్యేవి. సంగీతం మనిషి గనక తిట్టులో కూడా పల్లవి, అనుపల్లవి, చరణం ఉండేవి. చరణం దగ్గరికి వచ్చేసరికి జగన్నాధం తాతల దాకా వెళ్ళేవారు. జగన్నాధం చేతులు కట్టుకుని, గుళ్ళో తీర్థం కోసం నిలబడ్డవాడిలా వినేవాడు.

తిరుమలరావు పొట్ట పట్టుకుని నవ్వేవాడు. "బావా, నీ బుర్రకి ఆయిలు మార్పించుకోవాల. పాతదైపోనాది."

"మార్పించాల," అనేవాడు జగన్నాధం. తువ్వాల్లో కారు చుట్టుకుని ఇంటికి పోయేవాడు.

మేష్టార్ని ఆయన భార్య లక్ష్మీకామేశ్వరి రోజూ వీధి మలుపు దాకా దిగబెట్టి, పొద్దువాలే వేళకి మళ్ళీ వచ్చి తీసుకెళ్ళేది. ఈ వయసులో ఎంత అన్యోన్యమో అని ఊరు ముచ్చటపడేది. జగన్నాధానికి మతి పోతోందని కూడా అదే ఊరు తేల్చేసింది. ఊరికేం, రెండూ ఒక నోటితోనే అనేది.

ఈ మధ్యలో నలిగిపోయింది గౌరి. ఉప్పుకి వెళ్ళినా పప్పుకి వెళ్ళినా కొట్టులో కుమారి కాటా పట్టుకుని అడిగేది.

"మీ ఆయన నిన్న సేసిన కారుకి సక్రాలెన్నమ్మా?"

"నాలుగే. నీకొకటి తక్కువైందేటి?"

"కాదమ్మా, తప్పుల మావ గదా. ఇంటికి దారైనా గుర్తున్నాదా అని."

మొగుణ్ణి ఎవరన్నా తిడితే గౌరి జుట్టు పట్టుకునే రకం. నవ్వితే ఏం పట్టుకుంటుంది? ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చేది. ఏడ్చి లేచి సరస్వతి ఆకు నూరేది. ఆ ఆకు తింటే మతిమరుపు పోతుందని ఎవరో చెప్పారు. రోజూ పరగడుపున నిమ్మకాయంత ముద్ద. జగన్నాధం దాన్ని చూసిన చూపు, ఉరికంబం ఎక్కేవాడు తాడుని చూసిన చూపే. అయినా నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని మింగి, "బాగున్నాది" అనేవాడు. ఆకు తిన్న రోజే మూడు తలుపుల అంబాసడర్ చేసేవాడు. గౌరి మర్నాడు ముద్ద ఇంకొంచెం పెద్దది చేసేది.

ఒకరోజు గౌరి బొండపల్లిలో చెల్లెలింటికి బయలుదేరి, బస్సు దొరక్క, తడిసి మధ్యలోనే వెనక్కొచ్చింది. పెరటి తలుపు తోసి చూస్తే జగన్నాధం కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఒళ్ళో ఒక అంబాసడర్ ఉంది. తలుపులు నాలుగూ ఉన్నాయి. అద్దాలున్నాయి. ముందు జాలీ పళ్ళు పళ్ళుగా, సన్నగా, ఒక్క గీత వంకర లేకుండా ఉంది. వాళ్ళ సొంత టాక్సీయే చిన్నదైపోయి ఇంటికొచ్చినట్టుంది. గౌరికి సరస్వతి ఆకు మీద ఒక్కసారిగా భక్తి కలిగింది.

అతను దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. బుగ్గ నిమిరినట్టు బానెట్టు నిమిరాడు. నిట్టూర్చి, చిన్న ఉలి తీసుకుని ఆ జాలీని మెల్లగా పీకాడు. పీకి వెనక డిక్కీకి అంటించాడు.

"నీకేటైనా దెయ్యం పట్టిందేటి, మావా?"

జగన్నాధం ఉలిక్కిపడి కారుని పంచెలో దాచుకున్నాడు. "తలుపెయ్యి."

"తలుపెయ్యను. సేసింది సేతులారా సెడగొట్టుకుంతన్నావు. ఊరు ఊరంతా నా ఎనకాల నవ్వుతన్నాది. మతిపోయినోడివైతే మొక్కుకుందును. మతుండి సేస్తన్నావంటే నిన్నేటి సెయ్యాల?"

"తలుపేస్తే సెప్తాను."

వేసింది. తడి చీరతోనే గుమ్మం దగ్గర కూలబడింది.

"మేష్టారికి నాను గుర్తులేనే," అన్నాడు జగన్నాధం.

"రోజూ నిన్ను తిడతన్నారు గదా?"

"అదే సెప్తన్నాను. పోయినేడు వానల్లో ఒకనాడు ఆరి ఇంటికెల్లాను. ‘తమరెవరండి, పాఠానికొచ్చారా’ అన్నారు. నవ్వులాటనుకున్నాను. కాదు. అమ్మగోరు వంటింటి గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది. నా సేతిలో ఒక కారున్నాది. సూపు ఆనక దానికి అద్దం తిరగేసి అంటించీసినాను. అది నిజం తప్పే. మేష్టారు ఆ అద్దం కేసి అలగ సూసి సూసి, ‘ఒరే జగ్గా, అద్దం లోపలికి తిప్పావేవిరా, డ్రైవరు రోడ్డు చూస్తాడా, వాడి మొహం చూసుకుంటాడా’ అన్నారు. జగ్గా అన్నారే, గౌరీ."

గౌరి తడి కొంగు పిండుకుంది.

"మర్నాడు మంచి కారు అట్టుకెల్లాను. ‘బాగుందండి’ అన్నారు. అండి అంట. నన్ను. పరాయోడితో అన్నట్టు. ఆ మర్నాడు మూడు తలుపులది అట్టుకెల్లాను. ‘ఏరా జగ్గా’ అన్నారు. తిట్టడం మొదలెడితే ఒకదాని ఎనక ఒకటి అన్నీ వచ్చేస్తాయి ఆరికి. సైకిలు వస్తాది, కాలవ వస్తాది, వాళ్ళ నాన్నగారు వస్తారు, మనం వస్తాం."

"ఊరు నీకే మతి పోనాదంటన్నాది."

"అననీ. నాకు పోనాదని నవ్వుకుంతన్నంతసేపూ ఆరికేసి ఎవుడూ సూడ్డు. ఊళ్ళో సగం మందికి పాఠం సెప్పినాయన. ఆరిని సూసి అయ్యో పాపం అంటే నాను వినలేను."

గౌరి చూపు మూలనున్న ఆకు నూరే రాతి మీద పడింది. వాన చూరు మీంచి కారుతోంది.

"మరి ఇన్నాళ్ళూ ఆ ఆకెందుకు తిన్నావు?"

"నువ్వు నూరినావు గదా."

మర్నాటి నుంచి ఆకు రెండు ముద్దలైంది. ఒకటి గిన్నెలో పెట్టి, పైన మూతేసి, మేష్టారింటికి గౌరే పట్టుకెళ్ళేది. రెండోది మామూలుగా జగన్నాధానికే.

"ఇంకా నాకెందుకే?" అన్నాడు అతను.

"నూరడం మానేస్తే కుమారి కనిపెట్టెయ్యదా? తిను."

గౌరి అంతటితో ఊరుకుంటే బాగానే ఉండేది. కానీ పెళ్ళాం మనసు, ఊరుకోదు. దసరాలు వెళ్ళాక తిరుమలరావు ఒక కబురు మోసుకొచ్చాడు. రాజాంలో ఒక కాలేజీ హాల్లో బొమ్మకార్లవాళ్ళ ప్రదర్శన. విశాఖపట్నం నుంచి కూడా వస్తారు. చేతితో చేసిన కార్లలో మేలైనదానికి బహుమతి, శాలువా, చప్పట్లు.

ఆ సాయంత్రం గౌరి పొయ్యి దగ్గర నుంచి అంది. "మావా, నీ కాపరంలో నాను చీర కావాలని అడగలేదు, నగ కావాలని అడగలేదు. ఒక్క కారు అడుగుతన్నాను. తప్పులేంది. రాజాంలో పెడదాం. ఆ ఒక్కరోజు నాను తలెత్తుకుని తిరుగుతాను. తర్వాత బస్సుకి ఈక పెట్టుకో, లారీకి తోక పెట్టుకో, నాకక్కర్లేదు."

"మేష్టారికో?"

"ఆరికి రోజూ సేస్తన్నావు. నాకొకటి సెయ్యలేవేటి?"

అలా అడిగితే ఏ మగాడు కాదంటాడు? ఇంపాలా మొదలుపెట్టాడు. పనస చెక్కల్లోకెల్లా ముదురు ముక్క తీశాడు. చుట్టుపక్కల పిల్లలకి జ్వరాలొచ్చి మాత్రల అట్టలు మిగిలితే బాగుండునని కోరుకునేంత పాపానికి ఒడిగట్టాడు, బంపర్ల మెరుపు కోసం. ఎడమ పక్క స్టీరింగు, మంచంలాంటి ముందు సీటు, వెనక ఒక్కోవైపు మూడేసి గుండ్రటి ఎర్ర లైట్లు. లైట్లకి గౌరి పాత దండలోంచి ఎర్ర పూసలు ఇచ్చింది. పూర్తయ్యాక దాన్ని గంప కింద బోర్లించి, గంప మీద రుబ్బురోలు పొత్రం పెట్టింది. కారుని నక్క ఎత్తుకుపోతుందని కాదు. మొగుడు చెడగొడతాడని.

ప్రదర్శన రోజు కూడా ముసురే. తిరుమలరావు ముందు రోజే రాజాం చేరిపోయాడు. మిగతా నలుగురూ ఒక కారు మాట్లాడుకున్నారు. బుల్లిది. జగన్నాధం మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

"ఇది కారేటి బాబూ? అగరొత్తుల పెట్టె," అన్నాడు డ్రైవరుతో.

"ఏసీ ఉందండి," అన్నాడు డ్రైవరు.

"ఏసీ ఎక్కడెట్టావు, కాళ్ళెట్టుకోడానికే సోటు లేదు."

వెనకాల ఆడవాళ్ళిద్దరి మధ్యా మేష్టారు కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నారు. చీపురుపల్లి దాటాక, "మనం ఎవరి పెళ్ళికి వెళ్తున్నామండీ?" అన్నారు మెల్లగా.

"తవరి పెల్లికేనండి," అన్నాడు జగన్నాధం ముందు సీట్లోంచి.

మేష్టారు తలూపారు. కాసేపటికి మళ్ళీ అదే అడిగారు. జగన్నాధం ఈసారి తన పెళ్ళికి అన్నాడు. రాజాం చేరేలోపు ఊళ్ళో సగం మందికి మళ్ళీ పెళ్ళిళ్ళయిపోయాయి. లక్ష్మీకామేశ్వరి ఒక్కసారి నవ్వింది. తర్వాత కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

హాల్లో తెల్లగుడ్డలు పరిచిన బల్లల మీద కార్లే కార్లు. జగన్నాధం ఇంపాలా పెట్టగానే నలుగురు వచ్చారు. నలుగురి వెనక పదిమంది వచ్చారు. బహుమతి తేల్చే పెద్దమనుషులు ఇద్దరూ భూతద్దం పెట్టి చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన, "ఇక వేరేది చూడక్కర్లేదేమో," అన్నాడు. ఆ మాట గౌరి చెవిలో పడింది. పడిన క్షణం నుంచి ఆవిడ ఒంటి ఎత్తు పెరిగింది. కుమారి కొట్టు ముందు శాలువా కప్పుకున్న మొగుడితో ఏ వైపు నుంచి నడవాలో కూడా తేల్చేసుకుంది.

అంతలో మైకులో తిరుమలరావు గొంతు. కొత్త చొక్కా వేసుకుని వేదిక మీద నిలబడ్డాడు. "మా ఊరి త్యాగరాజు మేష్టారు ఆ రోజుల్లో అసలైన ఇంపాలాలో తిరిగిన మనిషి. ఇప్పుడు ఆ కారు గురించి మనకి రెండు మాటలు చెప్తారు."

ప్రేమతోనే పెట్టాడు పేరు. పాపం, వాడికేం తెలుసు?

లక్ష్మీకామేశ్వరి గౌరి చెయ్యి పట్టుకుంది. "ఒద్దని చెప్పించండి గౌరమ్మా. ఈవేళ బాగాలేదు. పొద్దున్న నన్నే ఎవరమ్మా నువ్వు అన్నారు."

చెప్పించే వేళ దాటిపోయింది. పాత శిష్యులు ఇద్దరు మేష్టార్ని చెరో చెయ్యీ పట్టుకుని ఇంపాలా బల్ల దగ్గరికి తీసుకొచ్చేశారు. ఒకడు మైకు ఆయన నోటి దగ్గర పెట్టాడు. హాలంతా చుట్టూ మూగింది. రేకుల కప్పు మీద వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

మేష్టారు ఇంపాలాని చూశారు. జగన్నాధాన్ని చూశారు.

"బాగుందండి. చాలా బాగుంది. తమరే చేశారా?"

"అవునండి," అన్నాడు జగన్నాధం.

"ఏ ఊరండి తమది?"

మైకులో అది హాలంతా వినిపించింది. ముందు వరసలో ఎవరో పక్కవాడి చెవి దగ్గరికి వంగారు. తిరుమలరావు మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది గానీ, దాని కింద నుంచి రంగు దిగిపోయింది. మేష్టారికి కూడా ఏదో జరుగుతోందని తెలిసింది. ఇంతమంది తననే ఎందుకు చూస్తున్నారో తెలియలేదు. తప్పిపోయిన పిల్లాడిలా చుట్టూ చూసి, భుజం మీది కండువా అంచు నలపడం మొదలుపెట్టారు.

జగన్నాధం చెయ్యి కారు మీదికి పోయింది. మళ్ళీ వెనక్కొచ్చింది. గౌరి కేసి చూశాడు. మాట ఇచ్చాడు కదా. ఒక చేత్తో రెండో చెయ్యి పట్టుకుని, రెండిటినీ వీపు వెనక దాచుకుని, నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

గౌరి అతని చేతుల్ని చూసింది. బహుమతి పెద్దమనిషి చేతిలో చీటీని చూసింది. ఆ చీటీ మీద మొగుడి పేరే రాసి ఉందని, చదువు రాకపోయినా తెలుస్తోంది. మనసులో కుమారిని ఒక బూతు తిట్టింది. గాజుకి తగిలించుకున్న పిన్నీసు తీసి, కారు దుమ్ము తుడుస్తున్నదానిలా వంగి, వెనక ఎర్ర పూస ఒకటి పుటుక్కున పీకింది. పూస బల్ల మీంచి పడి ఎటో పోయింది.

"మేష్టారూ," అంది. "ఎనక లైట్లు సూసారేటండి?"

ఆయన వంగారు. కళ్ళజోడు పైకి తోసుకున్నారు. ఎంతసేపు చూశారో. హాల్లో ఎవరో దగ్గారు.

"జగ్గా," అన్నారు.

"అయ్యా."

"ఒరే జగ్గా. ఇదేవిట్రా? ఇటు మూడు, అటు రెండూనా? నీకు లెక్కలు చెప్పినాయన బతికుంటే ఇవాళ ఉరేసుకునేవాడు కదరా."

హాలు గొల్లుమంది. మేష్టారు ఆ నవ్వుకి తలెత్తి, మైకు చేతిలోకి తీసుకున్నారు. వెన్ను నిటారైంది.

"చూశారా అండీ వీణ్ణి? ఈ కారు తోలింది వీడే. తోలినవాడికే లైట్లెన్నో తెలియదు. ఆరు లైట్లండీ దీనికి, ఐదు కాదు. మా నాన్నగారి కచేరీకి జమీందారుగారు పంపిన ఈ కారులో సాలూరు వెళ్తున్నాం. వాన. ఎడమ పక్క స్టీరింగు, అటు వీడు, ఇటు నేను. వెనక సీట్లో వీణని పడుకోబెట్టి దుప్పటి కప్పాం. పక్కన నాన్నగారు. ఆయన పక్కన తాంబూలం పెట్టె. అయినా ఇంకా చోటు మిగిలింది. వెనకాల లారీవాడొకడు ఈ ఆరు ఎర్రలైట్లూ చూసి, రైలు గేటు అనుకుని బండి ఆపేశాడు. గేటు తీయలేదని తెల్లారేదాకా అక్కడే ఉన్నాడట. అటువంటి కారుకి ఈ మహానుభావుడు లైటు ఎగ్గొట్టాడు."

అలా సాగింది. పల్లవి అయింది, అనుపల్లవి అయింది, చరణంలో జగన్నాధం తాతలందరూ వచ్చి వెళ్ళారు. జనం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. చప్పట్లు కొట్టారు. ముందు వరసవాడు పక్కవాడితో, "ఏ ఊరని ముందు వెటకారంగా అడిగారన్నమాట. ఎంత చమత్కారమో," అన్నాడు. లక్ష్మీకామేశ్వరి గౌరి భుజం మీద తల ఆన్చి, లేవలేదు.

పెద్దమనిషి చీటీ మీద పేరు కొట్టేశాడు. బహుమతి విశాఖపట్నం అతనికెవరికో వెళ్ళింది.

"బావా," అన్నాడు తిరుమలరావు దిగులుగా. "ఈ ఒక్కరోజైనా లైట్లు లెక్కెట్టుకోవద్దేటి?"

"మర్సిపోనాను," అన్నాడు జగన్నాధం.

తిరుగు దారిలో మేష్టారు నిద్రపోయారు. జగన్నాధం ముందు సీట్లోంచి తల తిప్పకుండా అన్నాడు.

"మద్దె లైటే పీకినావు."

"సేతికందింది పీకాను. నాకేటి తెలుసు?"

"కొసది పీకుంటే, పూస ఊడిపోనాదిలే అనుకునీవోరు. మద్దెది లేకపోతే కంటికి కొట్టొచ్చినట్టుంటాది. నాకన్నా నువ్వే బాగా సెడగొడతావే."

గౌరి కిటికీలోంచి వాన చూసింది. ఇన్నేళ్ళ కాపరంలో మొగుడు ఆవిడ పనిని మెచ్చుకున్నది అదే మొదలు. కూర బాగుందని కూడా ఎప్పుడూ అనలేదు.

మర్నాడు కొట్టులో కుమారి కాటా ఎత్తింది. "ప్రైజేదమ్మా?"

"రాలేదు. మా ఆయన లైటెట్టడం మర్సిపోయాడు," అంది గౌరి. "కందిపప్పు అరకేజీ. సరిగ్గా తూచు." మొగుడి తప్పుని అంత గొప్పగా చెప్పుకున్న ఆడదాన్ని కుమారి ఎక్కడా చూడలేదు. నోరెళ్ళబెట్టి ఇంకో గుప్పెడు పప్పు ఎక్కువేసింది.

ఆ పై యేడు వానల్లో జగన్నాధం గుండె ఆగింది. మధ్యాహ్నం అరుగు మీదికి బయలుదేరబోతూ చెప్పులు వేసుకోవడానికి కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. అతన్ని తీసుకెళ్ళడానికి వచ్చిన బండి కూడా చిన్నదే. తిరుమలరావు డ్రైవరుతో దెబ్బలాడాడు, మా బావని కాళ్ళు ముడిచి పట్టుకెళ్తావా అని. దెబ్బలాడుతూనే ఏడ్చాడు.

మేష్టారికి చెప్పారు. ఆయన చాలా ఏడ్చారు. సాయంత్రానికి మర్చిపోయి, "జగ్గడు ఇంకా రాలేదేం" అన్నారు. మళ్ళీ చెప్పారు. మళ్ళీ కొత్తగా, మొదటిసారి విన్నట్టే ఏడ్చారు. ఒకసారి ఏడవడానికే మనిషికి ప్రాణం చాలదు. ఇది ఆగకుండా జరుగుతుంటే గౌరి చూడలేకపోయింది. ఇకమీద ఎవరూ ఆయనకి ఆ మాట చెప్పకూడదని తిరుమలరావుకీ లక్ష్మీకామేశ్వరికీ ఖచ్చితంగా చెప్పేసింది. మధ్యాహ్నం కాగానే తనే వెళ్ళి అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టింది.

కార్లు చెయ్యడం గౌరికి రాదు. తప్పులు మాత్రం జగన్నాధంలా కష్టపడి వెతుక్కోనక్కర్లేదు. కారు గురించి ఆవిడ నోరు తెరిస్తే చాలు, తప్పే.

"మేష్టారూ, అంబాసడర్‌కి నీళ్ళు పోస్తే నడుస్తాదంట గదండి?"

మేష్టారు నెమ్మదిగా ఇటు తిరిగారు. "ఎవరమ్మా ఆ మాటన్నది? ఆ జగ్గడేనా?"

"ఆడేనండి."

"నీళ్ళు రేడియేటర్‌లో పోస్తారమ్మా. ట్యాంకులో పొయ్యరు. వాడికి బుద్ధుందా?"

"లేదండి."

"ఎప్పుడూ లేదు. బడిలో కూడా లేదు. విను చెప్తాను," అని మేష్టారు అరుగు మీద సర్దుకుని కూర్చున్నారు. తిట్టు పల్లవిలోకి వచ్చింది. తిరుమలరావు మొహం అటు తిప్పుకుని ముక్కు చీదుకుని, "నిజమే మేష్టారూ, బావకి బుర్ర తక్కువ," అని వంత పాడాడు. గౌరి బుగ్గన చెయ్యి పెట్టుకుని, మొగుడి చిన్నతనమంతా వింటూ కూర్చుంది. ఆవిడకి తెలియనివి చాలా ఉన్నాయి అందులో.

పోయేనాటికి జగన్నాధానికి డెబ్బై ఆరేళ్ళు.